గుప్పెడు బియ్యం మళ్లీ మొదలుపెట్టాలంటే: కొలత, నిల్వ, లెక్క, పంపకం

కొత్త డీకను · సోమవారం ఉదయం 6:40

అందరికీ వందనాలు. మాది యాభై ఇళ్ల క్రైస్తవ సంఘం, అందులో నేను కొత్తగా డీకనుని, అంటే పంపకాల వంటి సేవ చూసుకునేవాణ్ణి. ఒకప్పుడు ప్రతి ఇంట్లో, వండే పూటల్లా పేదల కోసం ఒక గుప్పెడు తీసి వేసే గుప్పెడు బియ్యం డబ్బా ఉండేది, ఇప్పుడు రెండు మూడు ఇళ్లలోనే మిగిలింది. వచ్చే నెల నుంచి మళ్లీ పెట్టాలని పెద్దలు అనుకున్నారు. ప్రసంగం సంగతి పాస్టరు అయ్యగారు చూసుకుంటారు. తెలియాల్సింది పని సంగతి. నెలకి ఎంత వస్తుందని అంచనా వేసుకోవాలి? ఎందులో పోయాలి? పురుగు పట్టకుండా ఎలా? ఎవరికి ఎంత ఇవ్వాలి? లెక్క ఎవరు రాయాలి?

వంటింటి పరిచర్య · సోమవారం ఉదయం 7:55

ముందు గుప్పెడంటే ఎంతో తేల్చుకోండి తమ్ముడూ. ఆడవాళ్ల గుప్పిట్లో పచ్చి బియ్యం సుమారు 35 నుంచి 50 గ్రాములు పడతాయి. 40 వేసుకోండి. రెండు పూటలా అన్నం వండే ఇంట్లో రోజుకి 80 గ్రాములు, నెలకి 2 కిలోల 400. యాభై ఇళ్లకి 120 కిలోలని కాగితం మీద వస్తుంది గానీ డ్రమ్ములోకి అంత రాదు. రాత్రి చపాతీలు తినే ఇళ్లున్నాయి, ఊరెళ్లే రోజులున్నాయి, హడావిడిలో మర్చిపోయే పూటలున్నాయి. మొదటి మూడు నెలలు 70 కిలోలే వస్తాయనుకుని దానికే మనుషుల్ని లెక్కేసుకోండి. ముందే 120 కిలోలకి మాటిచ్చేస్తే రెండో నెలలోనే ఎవరో ఒకరికి ఖాళీ సంచి చూపించాల్సి వస్తుంది.

తీసే వేళ కూడా ముఖ్యమే. పూటకి సరిపడా సోలతో కొలుచుకున్నాక, కడగక ముందు, ఆ కొలిచిన దాంట్లోంచి ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేయాలి. అంటే ఆ పూట అన్నం ఆ గుప్పెడు తక్కువే వండుకుంటారు. బస్తాలోంచి విడిగా తీస్తే ఇంట్లో ఎవరికీ ఏమీ తగ్గదు. నెలాఖరున కొట్లో రెండు కిలోలు కొని పోసేస్తే అది చందా అవుతుంది గానీ గుప్పెడు బియ్యం కాదు. చందా తప్పని కాదు, దానికి వేరే కవరుంది.

చేయి పొడిగా ఉండాలి. కూరగాయలు కడిగిన చేత్తో తీస్తే డబ్బా అడుగున గింజలు గడ్డకట్టి ముక్కిన వాసన వస్తుంది. ఒక్క డబ్బా అలా వచ్చిందంటే చూడకుండా కలిపేసిన డ్రమ్మంతా పాడు.

ఈశాన్యం · సోమవారం ఉదయం 9:20

ఈ పద్ధతి బాగా నిలబడింది మిజోరంలో. బుహ్‌ఫాయ్ థామ్ అంటారు. బుహ్‌ఫాయ్ అంటే బియ్యం, థామ్ అంటే గుప్పెడు. 1910లో ప్రెస్బిటేరియన్ సంఘాల స్త్రీలు మొదలుపెట్టారు. వంట చేసేవాళ్లు ప్రతి పూటా గుప్పెడు పక్కన పెడతారు, సంఘ స్త్రీలు ఇంటింటికీ వచ్చి పోగుచేస్తారు, అమ్మగా వచ్చిన డబ్బు మందిరం పనికీ సువార్త పనికీ వెళ్తుంది. ధనికుల ఇళ్లు లేని కొండ ఊళ్లలో అది వందేళ్లు దాటి నడుస్తోందంటే అసలు కారణం సేకరణ. డబ్బా మోసుకుని మందిరానికి రమ్మనరు, వీధికి ఒకరు చొప్పున ఇంటికే వెళ్తారు. మీ యాభై ఇళ్లకి అయిదుగురు స్త్రీలు, మనిషికి పది గుమ్మాలు. అంతకు మించి పెడితే మూడో వారానికి ఆపేస్తారు.

ఓరుగల్లు · సోమవారం మధ్యాహ్నం 1:10

జెర ఆగుండ్రి. మిజోరంల బియ్యం అమ్ముతరు సరే, ఇక్కడ అమ్మే ముందు ఒక ముచ్చట సూసుకోవాలె. మన దిక్కు చానా సంఘాలల్ల ఆరాధన అయినంక బియ్యం వేలం పాడుతరు. ఆ డబ్బాలల్ల సగం రేషన్ బియ్యమే ఉంటది. రేషన్ బియ్యం అమ్ముడు, కొనుడు రెండూ తప్పే, పట్టుకుంటే నిత్యావసర సరుకుల చట్టం 6ఎ కింద కేసు. దేవుని పేరు మీద వేలం పాడినమంటే అధికారి ఒప్పుకోడు. వండి పెట్టుండ్రి, లేదా ఉట్టిగ ఇయ్యుండ్రి. వేలం బంద్ చేయాలె.

ఇంకోటి. తెలంగాణల 2025 ఏప్రిల్ సంది కార్డు మీద సన్నబియ్యం ఇస్తున్నరు, మనిషికి ఆరు కిలోలు. ఆంధ్రల మనిషికి అయిదు. అంత్యోదయ కార్డయితే ఇంటికి 35 కిలోలు. ఎవలికి ఎంతియ్యాలె అని లెక్క కట్టేటప్పుడు ఇది తీసేసి కట్టాలె.

వంటింటి పరిచర్య · సోమవారం మధ్యాహ్నం 2:05

ఓరుగల్లు అన్న చెప్పింది నిజం. ఆ లెక్క ఇలా వస్తుంది. ఒంటరి ముసలావిడ రెండు పూటలా అన్నమే తింటే రోజుకి 300 నుంచి 350 గ్రాముల బియ్యం. నెలకి 9 నుంచి పదిన్నర కిలోలు. రేషన్ ఆరో అయిదో పోగా లోటు నాలుగైదు కిలోలు. మీరు పూడ్చాల్సింది ఆ లోటు. 70 కిలోలతో 14 మందికి అయిదేసి కిలోలు. పాతిక కిలోల బస్తా ఒకరికిచ్చి ఫోటో దిగడం కంటే ఈ అయిదు కిలోలు 14 ఇళ్లలో నెలాఖరు రెండు వారాలు పొయ్యి వెలిగిస్తాయి.

బియ్యం ఒక్కటే ఇస్తే గంజి, పచ్చడి మెతుకులే. వీలైతే అరకిలో కందిపప్పు, అరలీటరు నూనె, పావుకిలో చింతపండు చేర్చండి. వాటికి డబ్బు కావాలి, అది కానుకల్లోంచి పెద్దలు తీర్మానించాలి.

జమాఖర్చు · సోమవారం సాయంత్రం 6:30

కోశాధికారుల వైపు నుంచి నా మాట. పుస్తకంలో ఆరు గళ్లు గీయండి: తేదీ, ఇంటి నంబరు, వచ్చిన బరువు, ఇచ్చిన బరువు, తరుగు, నిల్వ. తరుగు గడి లేకపోతే లెక్క ఎన్నటికీ కలవదు. చెరిగితే నూక, తవుడు, రాళ్లు పోతాయి. మొదటి నెలే రెండు కిలోలు తేడా వస్తే సంఘంలో గుసగుసలు మొదలవుతాయి. ఖాళీ డ్రమ్ము బరువు దాని మీదే పెయింటుతో రాయించండి. తూకం దగ్గర ఎప్పుడూ ఇద్దరుండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. పౌలు యెరూషలేముకి చందా పంపేటప్పుడు ఒక్కడే మోసుకెళ్లలేదు. ఎవరూ తప్పు మోపకుండా తోడు మనుషుల్ని పెట్టుకున్నాడని కొరింథీయులకి రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలోనే ఉంది.

ఏ ఇల్లు ఎంత తెచ్చిందో విడివిడిగా తూచి రాయాలి. తెచ్చినవాళ్లకి నమ్మకం ఉండేది అప్పుడే.

పరిగె · సోమవారం రాత్రి 8:15

ఆ చివరి మాట ఒప్పుకోను. విడివిడిగా తూచితే ఏమవుతుందో అందరికీ తెలుసు. కూలికి వెళ్లే ఇల్లు 600 గ్రాములు తెస్తుంది, బస్తాలు కొనే ఇల్లు మూడు కిలోలు తెస్తుంది, కాటా ముల్లు అందరి ముందూ ఊగుతుంది. మరుసటి వారం ఆ కూలి ఇల్లు అప్పు చేసైనా ఒక కిలో కొని కలుపుతుంది, లేదా రావడమే మానేస్తుంది. కానుక పెట్టె దగ్గర కూర్చుని విధవరాలి రెండు కాసులే అందరికంటే ఎక్కువన్న ప్రభువు సంఘంలో ఇలా చేస్తామా?

జమాఖర్చు · సోమవారం రాత్రి 8:40

మరి దొంగతనం జరిగితే? మధ్యలో సేకరించేవాళ్లు రెండు డబ్బాలు పక్కకి పెడితే పట్టుకునే దారేది? పేదవాళ్ల గుప్పెడు కాబట్టే గింజ కూడా పోకూడదు.

వంటింటి పరిచర్య · సోమవారం రాత్రి 9:30

రెండూ సాగే దారి ఉంది. వీధి చివర ఒకే సంచిలో అన్ని డబ్బాలూ ఒంపేసి, సంచిని మాత్రం తూచండి. వీధికి ఒక అంకె. సేకరించే స్త్రీలు ఇద్దరిద్దరుగా వెళ్లాలి, ఆ అంకె అక్కడే ఇద్దరి పుస్తకాల్లోనూ పడాలి. మందిరంలో డ్రమ్ములో పోసేముందు మళ్లీ తూచి రెండూ కలవాలి. తేడా వస్తే ఏ వీధిదో వెంటనే తెలుస్తుంది, ఏ ఇల్లు ఎంత ఇచ్చిందో మాత్రం ఎవరికీ తెలియదు. ఖాళీ డబ్బా ఇచ్చిన ఇల్లు కూడా అందులో కలిసిపోతుంది. ఆ నెల వాళ్లకే అవసరమేమో, మళ్లీ వెళ్లి నెమ్మదిగా అడగండి.

జమాఖర్చు · సోమవారం రాత్రి 9:45

వీధి తూకానికి ఒప్పుకున్నాను. ఇంటి నంబరు గడి తీసేసి వీధి గడి పెట్టుకోండి.

గింజ నిల్వ · మంగళవారం ఉదయం 5:50

పురుగు సంగతి. ముక్కుపురుగు గింజకి రంధ్రం చేసి లోపల గుడ్డు పెడుతుంది. గుడ్డు పెరిగి పురుగై బయటికి రావడానికి మన వేడిలో దాదాపు నెల పడుతుంది. అంటే తెచ్చినరోజు శుభ్రంగా కనిపించిన బియ్యంలో కూడా గుడ్లుండవచ్చు. యాభై ఇళ్ల నుంచి వచ్చిన బియ్యంలో ఏదో ఒక ఇంటివి పుచ్చినవి ఉండే తీరతాయి. అందుకే నిల్వ చేసే ఆలోచనే పెట్టుకోకండి. వచ్చినవి నెల తిరక్కుండా వెళ్లిపోవాలి. రెండు నెలలవి కూడబెట్టి క్రిస్మస్‌కి ఇద్దామనుకునే సంఘాల్లో డిసెంబరుకి డ్రమ్ము మూత తీస్తే గోడ మీదికి పాకుతుంటాయి.

రేకు డ్రమ్ము గానీ గట్టి ప్లాస్టిక్ డ్రమ్ము గానీ సరే. నేల మీద పెట్టకూడదు, అయిదారు అంగుళాల ఎత్తు చెక్క మీద, గోడకి జానెడు ఎడంగా ఉండాలి. వానాకాలంలో నేల చెమ్మ గోనెసంచి లోపలికి పాకుతుంది. ఎండు వేపాకు పలుచని గుడ్డలో మూటకట్టి పైన, మధ్యలో పెట్టండి. కొంత ఆపుతుంది, పూర్తిగా కాదు. ఒకసారి ఖాళీ అయ్యాక డ్రమ్ము కడిగి, మండుటెండలో ఒక పూట బోర్లించాలి. అడుగున మిగిలిన పిండిలోనే లక్కపురుగు ఉంటుంది.

బియ్యాన్ని మాత్రం ఎండలో పోయొద్దు. ధాన్యానికి పనికొచ్చే ఎండ బియ్యానికి పనికిరాదు, గింజ పగిలి నూకవుతుంది. నీడలో పరిచి చెరగండి.

బోరిక్ పొడి కలపొద్దు. ఇళ్లలో అలవాటే గానీ ఎవరు ఎంత కలిపారో తెలియని బియ్యం ముసలివాళ్లకీ చంటిపిల్లల తల్లులకీ వెళ్తోంది. ధాన్యం గోదాముల్లో పెట్టే బిళ్లలు, అల్యూమినియం ఫాస్ఫైడ్, మందిరంలోకి అసలు తేవద్దు. చెమ్మ తగిలితే ఫాస్ఫిన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో మనిషి ప్రాణం తీస్తుంది. పక్క గదిలో సండే స్కూలు పిల్లలుంటారు.

కొత్త డీకను · మంగళవారం ఉదయం 7:05

ఎంతో ఉపయోగం. ఇంకో చిక్కు. బీపీటీ సన్నబియ్యం, రేషన్, దొడ్డు, ఉప్పుడు బియ్యం అన్నీ కలిసిపోతే అన్నం ఎలా ఉడుకుతుంది?

వంటింటి పరిచర్య · మంగళవారం ఉదయం 8:20

సరిగ్గా ఉడకదు. సన్నవి మెత్తబడేసరికి దొడ్డువి పలుకుగానే ఉంటాయి, కొత్త బియ్యం ముద్దయ్యేసరికి పాతవి ఇంకా నీళ్లు అడుగుతాయి. తీసుకున్నవాళ్లు పైకి ఏమీ అనరు, కోళ్లకి వేస్తారు. రెండు డ్రమ్ములు పెట్టండి, ఒకటి సన్న పచ్చిబియ్యానికి, రెండోది మిగతా వాటికి. సేకరించేటప్పుడే రెండు సంచులు. నాలుగైదు రకాలని విడదీయబోతే ఎవరూ చేయరు. రెండో డ్రమ్మువి మరపట్టించి పిండిగా ఇవ్వొచ్చు, లేదా మూడు పాళ్ల బియ్యానికి ఒక పాలు మినప్పప్పు లెక్కన అట్లకి ఇవ్వొచ్చు. తీసుకునేవాళ్లని అడిగి ఇవ్వండి. పళ్లు లేనివాళ్లు కొందరు నూకే కోరుకుంటారు.

రేషన్ బియ్యంలో అక్కడక్కడా కాస్త పసుపుగా, తేలికగా ఉండే గింజలు కనిపిస్తే ఏరి పారేయొద్దని అందరికీ చెప్పండి. అవి బలవర్ధక గింజలు, వందకి ఒకటి చొప్పున కలిపినవి. ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 ఉంటాయి. ప్లాస్టిక్ బియ్యమని వాట్సాప్‌లో తిరిగేది వీటి గురించే.

గుండ్లకమ్మ · మంగళవారం ఉదయం 11:00

ఎవరికి ఇవ్వాలన్న దగ్గరికి ఇంకా ఎవరూ రాలేదు. సంఘం వాళ్లకేనా, ఊళ్లో ఎవరికైనానా?

ఇది మన నేల మీద ఒకసారి తేలిన విషయమే. ధాత కరువులో, 1876–78లో, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఊరికే పంచిపెట్టి ఊరుకోలేదు. బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకాన్ని కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో వచ్చినవాళ్లకి కూలి పని ఇచ్చాడు. బాప్తిస్మం అడిగినవాళ్లకి కరువు నడిచినంతకాలం, దాదాపు పదిహేను నెలలు, ఇవ్వలేదు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని. సహాయం ఆగిపోయాక కూడా వచ్చినవాళ్లకే 1878లో ఇచ్చారు, జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి. ఆ అంకెని సభల్లో చెప్పుకుంటాం, దాని ముందున్న పదిహేను నెలల్ని మర్చిపోతాం.

పనికొచ్చే ముక్క ఇది. పంపకం ఆదివారం ఆరాధన అయిన వెంటనే పెట్టొద్దు. పెడితే బియ్యం కోసం కూర్చున్నారంటారు, కూర్చోనివాళ్లు బియ్యానికి రారు. గురువారం సాయంత్రం, ఇంటి దగ్గరే ఇవ్వండి. సంచిలో కరపత్రం పెట్టొద్దు. ప్రార్థన చేయమని వాళ్లడిగితే చేయండి.

ఓరుగల్లు · మంగళవారం మధ్యాహ్నం 12:30

కరపత్రం సంగతి ఒప్పుకోను అన్నా. ప్రభువు మాట చెప్పుటానికి సిగ్గెందుకు?

గుండ్లకమ్మ · మంగళవారం మధ్యాహ్నం 12:55

సిగ్గు కాదన్నా. చెప్పడానికి వీధి ఉంది, మందిరం ఉంది, అడిగే పొరుగువాడున్నాడు. బియ్యం సంచి పట్టుకున్న చెయ్యి వద్దు అనలేదు. వద్దనే వీలు లేని చోట చెప్పింది వాక్యమవుతుందా, షరతవుతుందా?

ఓరుగల్లు · మంగళవారం మధ్యాహ్నం 1:20

ఊఁ. షరతు అనిపిస్తే తప్పే. సంచిల వద్దు.

పరిగె · మంగళవారం సాయంత్రం 4:45

పేర్ల జాబితా ఎవరు రాస్తారన్నది అసలు గొడవ తెచ్చేది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి. అక్కడ తగ్గింది ఆహారం కాదు. అనుదిన పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రు తప్పిపోతున్నారని సణుగు పుట్టింది. దిద్దడానికి ఏర్పరచుకున్న ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఎవరు తప్పిపోతున్నారో ఆ వైపు మనుషుల చేతికే పని ఇచ్చారు. మన సంఘాల్లో రెండు పేటలుంటాయి, కమిటీ అంతా ఒక పేట నుంచే ఉంటుంది, జాబితాలో రెండో పేట ఇళ్లు కిందికి జారిపోతాయి. అయిదుగురి కమిటీ అయితే ఇద్దరు రెండో పేట నుంచి, అందులో ఒకరు ఒంటరి స్త్రీ ఉండేలా చూడండి.

తాగుబోతు ఇంటి ప్రశ్న కూడా వస్తుంది, తప్పదు. ఇల్లాలి చేతికి ఇవ్వండి, వారానికి కిలోంపావు చొప్పున. నెలది ఒకేసారి ఇస్తే అది కల్లు దుకాణానికి చేరుతుంది. అతను తాగుతున్నాడని పిల్లల అన్నం ఆపకూడదు.

ఇంకో మాట. లేవీయకాండం 19లో పొలం అంచులు పూర్తిగా కోయొద్దు, పరిగె, అంటే కోతలో రాలిన కంకులు, ఏరుకోవద్దు అని ఉంది. పరిగె ఏరుకునేది పేదవాడు, తన చేత్తో తనే ఏరుకుంటాడు. తీసుకునేవాళ్లకి కూడా వీలైతే పని ఇవ్వండి. చెరగడం, రాళ్లు ఏరడం, సంచులు కుట్టడం. అలా ఇస్తే తలదించుకుని తీసుకోరు.

డాలస్ తెలుగు · మంగళవారం రాత్రి 10:15

ఇక్కడ ఇళ్లలో బియ్యం డబ్బా పెట్టినా పోసేందుకు డ్రమ్ము లేదు. అన్నం వండిన పూటకి ఒక డాలరు పక్కన పెట్టి ఊరి సంఘానికి పంపొచ్చా?

జమాఖర్చు · బుధవారం ఉదయం 6:15

పంపేవాళ్ల పాస్‌పోర్టుని బట్టి ఉంటుంది. భారతీయ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, పాస్‌పోర్టు నకలు తీసి ఫైలులో పెట్టండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా లేని సంఘం ఆ డబ్బు ముట్టుకోకూడదు. పాస్టరు గారి సొంత ఖాతాలో వేయించుకుని సంఘానికి వాడటం ఇంకా పెద్ద తప్పు. అంతకంటే డాలస్‌లోనే మీ దగ్గర్లో ఉన్న ఫుడ్ ప్యాంట్రీకి ఇవ్వండి. ఆకలి అక్కడా ఉంది.

ఓరుగల్లు · బుధవారం ఉదయం 9:40

బియ్యమిచ్చుడు కంటే పెద్ద పని ఒకటుంది, దానికి గుప్పెడు కూడా అక్కర్లేదు. చానా మంది ముసలోళ్లకు కార్డుంటది గని వేలిముద్ర పడది, ఉత్త చేతులతో వాపస్ వస్తరు. పొలం పనులు చేసిన వేళ్లు, గీతలు అరిగిపోయినయి. కంటిపాప గుర్తు (ఐరిస్) తోని తీసుకునే వీలుంటది, డీలర్‌ను అడగాలె, గట్టిగ అడగాలె. ఆంధ్రల 2025 జూన్ సంది ఇంటికి తెచ్చే రేషన్ బండ్లు బంద్ చేసి మళ్లా దుకాణంలనే ఇస్తున్నరు, 65 ఏండ్లు దాటినోళ్లకు, దివ్యాంగులకు ఇంటికే ఇయ్యాలె. వలస వచ్చినోళ్లు సొంతూరి కార్డు తోని ఇక్కడి దుకాణంల తీసుకోవచ్చు. సంఘంల ఇద్దరు యూత్ పిల్లగాండ్లు నెల మొదటి వారంల తోడు పోతే ఒక్కో ముసలామెకు అయిదారు కిలోలు హక్కుగ వస్తయి. మీ 70 కిలోలు ఇంకొందరికి మిగుల్తయి.

కొత్త డీకను · బుధవారం మధ్యాహ్నం 1:30

రాసుకున్నాను. చివరిగా ఒకటే. డబ్బాలు సంఘమే కొని ఇద్దామనుకుంటున్నాం. అయిదు కిలోలవి చవగ్గా వస్తున్నాయి, తీసుకోమంటారా?

వంటింటి పరిచర్య · బుధవారం మధ్యాహ్నం 2:10

వద్దు. పెద్ద డబ్బాలో రోజూ గుప్పెడు వేస్తే వారమైనా అడుగు దాటదు, చూసిన ప్రతిసారీ ఖాళీగా ఉన్నట్టుంటుంది, సేకరణ ముందు రోజు కొట్లో కొని నింపేస్తారు. రెండు వారాలకోసారి సేకరిస్తే ఇంటికి 1,100 గ్రాములు. కిలోంపావు పట్టే, మూత గట్టిగా పడే డబ్బా తీసుకోండి. మూత మీద పేరు, వాక్యం అంటించొద్దు, కింద జిగురు చెమ్మకి బూజు పడుతుంది. నోరు మాత్రం వెడల్పుగా ఉండాలి, గుప్పిట లోపలికి వెళ్లి తెరుచుకునేంత.